నలభై మూడవ వరుస



లంకలో కాపురముండేవారికి జూలై నెల వచ్చిందంటే ఒక కన్ను ఇంటి మీద, ఒక కన్ను ఏటి మీద ఉంటుంది. ఎర్రనీరు దిగిందన్న మాట వినగానే పెద్దవాళ్లు మంచాల కోళ్ల కింద ఇటుకలు పెట్టడం మొదలుపెడతారు. 2022వ సంవత్సరం జూలైలో ఇటుకలతో సరిపోలేదు. ఆ నెల 16వ తేదీన భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరదను చూసిన పెద్దలు, "అప్పటి తరువాత ఇంత నీరు మళ్లీ ఇప్పుడే చూస్తున్నాము" అన్నారు. ధవళేశ్వరం బ్యారేజి నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలారు. ఆ నీరు సముద్రానికి వెళ్లే దారిలోనే మా లంకలున్నాయి.

మేమూ, మా ఇంటివారూ, పిల్లలూ, సంఘస్థులూ, ఊరివారూ అందరమూ ఇంజను పడవల మీద ఏటిగట్టు దాటి అవతలి పాఠశాలకు చేరాము. గదులు నిండిపోయాక మిగిలినవారు గట్టు మీదనే బరకాలు కట్టుకున్నారు. మా సంఘంవారు ఎవరు, కానివారు ఎవరు అని ఆ గట్టు మీద ఎవరూ అడగలేదు. అందరి పొయ్యి ఒక్కటే. అందరి గంజీ ఒక్కటే. అలాంటి గట్టు మీద మా చేతి వలన ఒక భేదం పుట్టింది. రెండు సంవత్సరాలు ఆ సంగతి మనసులోనే ఉంచుకొన్నాము. ఇతరులకు మేలు కలుగుతుందని ఇప్పుడు వ్రాస్తున్నాము.

హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న మా సంఘపు యువకుడొకడు మొదటి సాయంత్రమే ఫోను చేశాడు. "అయ్యగారూ, ఇక్కడ స్నేహితులందరమూ కలిసి బియ్యం, పప్పు, నూనె, మందులు పోగుచేస్తున్నాము. ఎన్ని కుటుంబాలో లెక్క కావాలి. ఎవరికి ఏ మందు కావాలో కూడా వ్రాయండి" అన్నాడు. వేదాంత విద్యలో డిప్లొమా చదివిన మాకు కంప్యూటరు చదువు లేదు. అందుచేత అతడే గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక తయారుచేసి మా ఫోనుకూ, సండేస్కూలు టీచరుగా ఉన్న చెల్లెమ్మ ఫోనుకూ పంపాడు. పై వరుసలో తలకట్లు. ఇంటి యజమాని పేరు, మనుషులెందరు, చంటిపిల్లలెందరు, కావలసిన మందులు. అంతే.

ఇలాంటి పట్టిక మన ఫోనులో ఉండదు. ఎక్కడో పెద్ద కంప్యూటర్ల గదుల్లో ఉంటుంది. దానినే క్లౌడు అంటున్నారు. మేఘమని పేరు పెట్టారు గాని, అది ఉండేది నేల మీదనే. మనము ఇక్కడ ఒక అక్షరం కొడితే అది అక్కడికి వెళ్తుంది. హైదరాబాదులో ఉన్నవాడికి ఆ క్షణమే కనపడుతుంది. సిగ్నలు ఉన్నంతసేపూ ఇది చాలా మంచి ఏర్పాటు. సిగ్నలు పోతే ఏమిటన్నదే మా భయం. ఆ యువకుడు దానికీ మార్గం చెప్పాడు. "ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కితే ఆఫ్‌లైన్‌లో ఉంచమనే మాట వస్తుంది. అది ఇప్పుడే, నెట్టు ఉండగానే, నొక్కండి. తరువాత నెట్టు లేకపోయినా ఫోనులోనే వ్రాసుకోవచ్చు. సిగ్నలు రాగానే దానంతట అదే వెళ్లిపోతుంది." మేమిద్దరమూ నొక్కాము. ఆ రాత్రి పడుకునే ముందు పట్టికలో 42వ వరుస దాకా నిండింది. తలకట్ల వరుస తీసివేస్తే 41 కుటుంబాలు.

తెల్లవారేసరికి టవరు మూగబోయింది. కరెంటు అంతకు ముందే పోయింది. ఫోనులు పంచాయతీవారి జనరేటరు దగ్గర వంతులవారీగా చార్జి పెట్టుకొన్నాము. ఆ రోజంతా పడవలు వస్తూనే ఉన్నాయి. చెల్లెమ్మ పాఠశాల గదులకు వెళ్లింది. మేము గట్టు మీది బరకాల దగ్గరకు వెళ్లాము. గట్టు చివర దిగినవారు ఎక్కువగా చేపలు పట్టుకొని బ్రతికే కుటుంబాలవారు. మా సంఘానికి చెందినవారు కారు. తొమ్మిది కుటుంబాలు. వారి పేర్లు మేమే అడిగి, వేలితో ఒక్కొక్క అక్షరమూ కొట్టి వ్రాశాము. వారిలో ఒక మామ్మగారికి చక్కెర వ్యాధి. రోజూ ఇన్సులిను వేసుకోవాలి. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో దాచుకొన్న సీసా కుండతో సహా ఏటిలో కొట్టుకుపోయింది. "రేపటికి లేకపోతే కళ్లు తిరుగుతాయి బాబూ" అన్నది. "మందులు" అన్న గడిలో ఇన్సులిను అని వ్రాసి ఆమెకు చూపించాము కూడా. పట్టిక పైన ఈ ఫోనులోనే భద్రపరచబడినట్టు ఒక మాట కనపడింది. దానిని చూసి నిశ్చింతగా ఉన్నాము.

ఆ సాయంత్రం కుర్రవాడొకడు నీళ్ల ట్యాంకు మెట్ల మీద సిగ్నలు అందుతున్నదని చెప్పాడు. మేము ఎక్కాము. ఫోను రెండు నిమిషాలు ఆలోచించి, మేము వ్రాసినదంతా పంపించింది. దిగి వచ్చాము. గంట తరువాత చెల్లెమ్మ ఎక్కి తనది పంపింది. మరునాడు మధ్యాహ్నానికి హైదరాబాదు నుండి వ్యాను గట్టు మొదటికి వచ్చింది. 55 సంచులు. ప్రతి సంచి మీద పేరు అంటించి ఉన్నది. ఆ పిల్లలు ఎంత శ్రద్ధగా చేశారో చూసి మా కళ్లు చెమర్చాయి.

పేరు పిలిచి సంచి ఇస్తున్నాము. గట్టు చివరివారు కూడా వచ్చి నిలబడ్డారు. పిలుస్తున్నాము, పిలుస్తున్నాము, సంచులు అయిపోయాయి. ఆ తొమ్మిది కుటుంబాలలో ఒక్కరి పేరు కూడా రాలేదు.

వారిలో పెద్దాయన ఒకరు అందరికీ వినపడేటట్టు, "నిన్న మా పేర్లు రాసుకున్నారు కదా అయ్యగారూ. రాసుకున్నది మాకు చూపించడానికా? సంచులు మాత్రం మీ వాళ్లకేనా?" అని అడిగారు.

ప్రియులారా, మేము సేవలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నిందలు పడటం తెలియనివారము కాము. కాని ఆ మాటకు మా నోట జవాబు లేదు. సంచులు అందుకొన్నవారిలో మా సంఘస్థులు ఎక్కువమంది ఉన్నారు. అందనివారిలో ఒక్కరూ మా సంఘస్థులు కారు. చూసేవారికి అది ఎలా కనపడుతుందో మాకూ అలాగే కనపడింది. ఫోను తీసి పట్టిక తెరిచాము. మేము స్వయంగా వ్రాసిన 43వ వరుసలో వేరొకరి పేరు ఉన్నది. 44లో వేరొకరు. 51వ వరుస దాకా మేము వ్రాసినది ఒక్క అక్షరం లేదు.

మా ఇంటివారు మొదటి రోజు నుండీ గంజి పోసేటప్పుడు పిల్లల పాత నోటుపుస్తకంలో ఇంటింటికీ గీతలు పెట్టుకొంటున్నారు. ఆమె ఆ పుస్తకం తెచ్చి లెక్కపెట్టారు. 64 ఇళ్లు. పట్టికలో 55. తేడా సరిగ్గా తొమ్మిది.

వెంటనే ట్యాంకు ఎక్కి ఆ యువకుడికి ఫోను చేశాము. అతడు తన కంప్యూటరులో 43వ వరుస గడి మీద నొక్కి, ఆ గడిలో ఎప్పుడెప్పుడు ఎవరు ఏమి మార్చారో చూపే చోటు తెరిచాడు. కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, మీరు వ్రాసిన పేరు ఇక్కడ ఉంది. దాని మీద అక్క వ్రాసిన పేరు పడింది" అన్నాడు.

జరిగినది ఇది. రాత్రి చివరిగా నిండిన వరుస 42. మరునాడు సిగ్నలు లేదు గనుక మా ఫోనుకు చెల్లెమ్మ వ్రాస్తున్న సంగతి తెలియదు. ఆమె ఫోనుకు మేము వ్రాస్తున్న సంగతి తెలియదు. ఇద్దరికీ ఖాళీగా కనపడిన మొదటి వరుస 43. మేము అక్కడి నుండి తొమ్మిది కుటుంబాలు వ్రాశాము. ఆమె అక్కడి నుండే 14 కుటుంబాలు వ్రాసింది. మాది ముందు వెళ్లింది. ఆమెది తరువాత వెళ్లి, అవే గడులలో పడింది. ఒకే గడిలో ఇద్దరు వ్రాస్తే చివరగా చేరినదే నిలుస్తుంది. ఆమెది ముందు వెళ్లి ఉంటే మేము ఆమె వ్రాసిన 14లో తొమ్మిదిని కప్పేసి ఉండేవారము. అప్పుడు మా సంఘస్థులే కొందరు పస్తుండేవారు. ఎవరూ ఎవరినీ తీసివేయాలనుకోలేదు. అయినా తీసివేయబడ్డారు.

తరువాత ఆ యువకుడు సెలవులకు వచ్చినప్పుడు దీని వెనుక ఉన్న విద్య కొంత చెప్పాడు. ఒకే వ్రాతను పలువురు ఒకేసారి దిద్దితే ఎలా కలపాలన్న ప్రశ్న పాతదే. 1989లోనే ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు దానికి ఒక పద్ధతి ప్రచురించారట. ఉత్తరం వంటి వ్రాతలో అయితే చిక్కు తక్కువ. ఒకరు మొదట్లో రెండు మాటలు చేర్చితే, రెండవవారు చేర్చిన మాట ఎంత ముందుకు జరగాలో యంత్రం లెక్కకట్టి రెండింటినీ ఉంచుతుంది. గడుల పట్టిక అలా కాదు. గడి ఒక కుర్చీ వంటిది. ఇద్దరు కూర్చోబోతే ఒకరికే చోటు. నెట్టు లేకుండా దిద్దుకొనే సదుపాయం గూగుల్ డాక్స్‌కు 2012లోను, షీట్లకు 2013 చివరలోను వచ్చిందట. అంటే యంత్రం పది సంవత్సరాలుగా ఈ పని చేస్తూనే ఉన్నది. ఆ రోజు కూడా అది తన పని తాను చేసింది. పని చెప్పడం రానివారము మేము.

మళ్లీ ఆ మధ్యాహ్నానికి వద్దాము. ముందు మామ్మగారి సంగతి చూడాలి. అప్పటికే ఆమె గోడకు చేరబడి కూర్చున్నది. నాలుక ఎండిపోతున్నదని నీళ్లు అడుగుతున్నది. అవతలి గట్టున వైద్య శిబిరం ఉందని తెలిసి మా పెద్దబ్బాయీ, ఆ పెద్దాయన కుమారుడూ పడవ వేసుకొని వెళ్లారు. చీకటి పడే వేళకు డాక్టరుగారు ఇచ్చిన ఇన్సులినుతో తిరిగి వచ్చారు. దేవుని కృపవలన ఆమె కోలుకున్నది. ఆ రెండు మూడు గంటలు మేము ఎలా గడిపామో వ్రాయలేము. ఒక గడిలో మాట మారినందుకు ఒక ప్రాణం పోతే, ఆ జవాబు ఎవరికి చెప్పుకోవాలి?

ఆ రాత్రి గట్టు చివరికి వెళ్లాము. చెల్లెమ్మ ఏడుస్తూ మా వెంట వచ్చింది. "నీ తప్పు కాదమ్మా, వరుసలు పంచకుండా నీకు పని ఇచ్చినది మేము" అని చెప్పాము. తొమ్మిది కుటుంబాల ముందు నిలబడి జరిగినది జరిగినట్టు చెప్పి క్షమించమని అడిగాము. పెద్దాయన అంతా విని, "అయితే తప్పు ఫోనుదా, మీదా?" అన్నారు. ఫోనుదని చెప్పడం ఎంత సులువో ఆ క్షణంలో తెలిసింది. "మాదే. సంచులు దించే ముందు ఇళ్లు ఎన్ని, సంచులు ఎన్ని అని ఒక్కసారి లెక్కపెట్టలేదు" అన్నాము. ఆయన ఇంకేమీ అనలేదు. పక్కకు జరిగి చాప మీద చోటిచ్చారు.

మామ్మగారు మాత్రం పడుకొనే ఒక మాట అన్నది. "కాయితం మీదైతే నా పేరు మీద ఇంకోళ్ల పేరు రాస్తే కొట్టివేత కనపడేది కదా బాబూ. దీంట్లో నన్ను కొట్టేసినట్టు కూడా కనపడలేదు."

ఆమె అక్షరం రానిది. కాని ఈ యంత్రం గురించి అంతకంటె సూటిగా చెప్పినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

మరునాడు ఆ యువకుడు ఇంకొక వ్యాను పంపాడు. తొమ్మిది సంచులు వచ్చాయి. వాటిని పంచినది మేము కాదు. పెద్దాయనే తన చేతితో పంచారు. సంచులు చేరాయి గాని, నమ్మకం అంత త్వరగా చేరలేదు. వరద తీసిన తరువాత కూడా కొన్ని నెలలు ఆ వీధి వెంట వెళ్తుంటే పలకరింపులు పొడిగా ఉండేవి. దానికి మేము ఎవరినీ తప్పు పట్టలేదు. తప్పిపోయిన గొర్రె కథను మనము ఎన్నోసార్లు చెప్పుకొంటాము. కాపరి వెదకుతూ వెళ్లిన సంగతే ఎక్కువగా చెప్తాము. ఒకటి తక్కువైందని అతనికి ఎలా తెలిసిందన్నది మేము ఎన్నడూ ఆలోచించలేదు. లెక్కపెట్టాడు గనుక తెలిసింది. లెక్కపెట్టనివాడికి తప్పిపోయినది ఎన్నటికీ తెలియదు.

ఆ సంవత్సరం నుండి మా సంఘంలో కొన్ని పద్ధతులు పెట్టుకొన్నాము. లంకల్లోను, కొండ ప్రాంతాల్లోను, సిగ్నలు నిలకడ లేని ఊళ్లలోను ఉండే కుటుంబాలకు ఉపయోగపడతాయని ఇక్కడ చెప్తున్నాము.

మొదటిది. ఆఫ్‌లైన్ ఏర్పాటు నెట్టు ఉన్నప్పుడే చేసుకోవాలి. పోయిన తరువాత చేయడానికి వీలులేదు. కంప్యూటరులో అయితే క్రోమ్‌లో గాని ఎడ్జ్‌లో గాని డాక్స్ ఆఫ్‌లైన్ అనే చిన్న పొడిగింపు పెట్టుకొని, డ్రైవ్ సెట్టింగులలో ఆఫ్‌లైన్ గడికి టిక్కు పెట్టాలి. రహస్య విండోలో ఇది పనిచేయదు. పెట్టిన తరువాత ఫోనులో విమానం గుర్తు నొక్కి, పట్టిక తెరుచుకొంటున్నదో లేదో ఒకసారి చూసుకోవాలి. మేము ప్రతి సంవత్సరమూ జూన్ నెలలో యౌవనస్థుల కూడికలో ఇది చేయించి చూస్తున్నాము.

రెండవది. ఒకే పట్టికలో ఇద్దరు వ్రాయవలసి వస్తే, ఒక్కొక్కరికి వేరుగా ఒక షీటు ఇవ్వాలి. కింద పేరు పెట్టుకోవచ్చు, "గదులు" అని, "గట్టు" అని. ఎవరి గట్టు వారిది. నెట్టు వచ్చాక రెండూ చేరినవని చూసి, అప్పుడు ఒకచోటికి తేవాలి.

మూడవది. ఫోనులో భద్రపరచబడినదంటే క్లౌడుకు చేరినట్టు కాదు. ఈ రెండింటికీ మధ్య ఒక ఏరు ఉన్నది. చేరేవరకు బ్రౌజరు డేటాను చెరపకూడదు, యాప్ తీసివేయకూడదు. చోటు చాలడం లేదని ఇంట్లో పిల్లలు ఫోను శుభ్రం చేస్తే, చేరకుండా మిగిలినది దానితోపాటే పోతుంది.

నాలుగవది. కప్పబడిపోయిన మాటను చూసి కంగారుపడి మళ్లీ దాని మీద వ్రాయకూడదు. కంప్యూటరులో ఆ గడి మీద కుడి మీట నొక్కితే దిద్దుబాట్ల చరిత్ర కనపడుతుంది. ఫైలు మెనూలో మొత్తం పట్టిక పాత రూపాలు కూడా ఉంటాయి. మా తొమ్మిది పేర్లు తిరిగి దొరికినది ఆ విధంగానే.

ఐదవది, మా ఇంటివారి నోటుపుస్తకం. యంత్రం ఎంత మంచిదైనా మనుషుల లెక్క వేరే ఒకరు కాగితం మీద పెట్టాలి. రెండు లెక్కలు కలిసిన తరువాతనే సంచులు దించాలి.

2024 జూలైలో మళ్లీ ఎర్రనీరు లంకల్లోకి వచ్చింది. 2022 అంత కాదు గాని, గట్టు ఎక్కక తప్పలేదు. ఈసారి మూడు షీట్లు, మూడు ఫోనులు. గట్టు చివరి షీటును పెద్దాయన మనుమరాలికే అప్పగించాము. ఇంటరు చదువుతున్న పిల్ల. మాకంటె వేగంగా వ్రాస్తుంది. సిగ్నలు ఒకటిన్నర రోజులు లేదు. వచ్చాక మూడూ చేరాయి. మా ఇంటివారి నోటుపుస్తకంతో సరిచూస్తే లెక్క కలిసింది. వ్యానుకు కబురు పెట్టే ముందు ఆ చిన్నది ఒక్కొక్క పేరూ గట్టిగా చదివింది. పేరు విన్నవారు చెయ్యి ఎత్తారు.

మామ్మగారు కూడా చెయ్యి ఎత్తింది. తరువాత మా దగ్గరకు వచ్చి ఫోను చూపించమన్నది. అక్షరం రాదు గదా, ఏమి చూస్తుందో అనుకొంటూనే చూపించాము.

"ఏ వరుసలో ఉన్నానయ్యా?" అన్నది.

"ఏడవ వరుస మామ్మగారూ."

ఆ వరుస మీద వేలు పెట్టి కొంచెంసేపు అలాగే ఉంచింది. "రాత్రికి మళ్లీ ఒకసారి చూసి చెప్పు" అని వెళ్లిపోయింది.

రాత్రి పడుకునే ముందు చూశాము. ఆమె పేరు అక్కడే ఉన్నది. గట్టు చివరిదాకా నడిచి వెళ్లి ఆ మాట ఆమెకు చెప్పి వచ్చాము.